ఆవులు లేని కౌబాయ్: టెక్సాస్ బయళ్ళ నుంచి తెలుగు తెర దాకా

కౌబాయ్ అంటే పశువుల కాపరి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికాలోని టెక్సాస్ గడ్డి బయళ్ళలో గుర్రమెక్కి మందలను మేపి, వందల మైళ్ళు తోలుకుపోయి అమ్మకానికి చేర్చిన జీతగాడు. తర్వాతి నూరేళ్ళలో చవక నవలలు, బొమ్మల పుస్తకాలు, సినిమాలు ఆ జీతగాణ్ణి తుపాకి వీరుడిగా మార్చేశాయి. టోపీ, గుర్రం, పిస్తోలు మిగిలాయి, ఆవులు కనుమరుగయ్యాయి. 1971లో తెలుగు తెరకెక్కిన కౌబాయ్ ఈ రెండో రకంవాడు. అతనికి కావలసింది గడ్డి కాదు, నిధి. అతని బలం గురి ఒక్కటే కాదు, టక్కరితనం కూడా.

అసలు కాపరి

కౌబాయ్ పని, పనిముట్లు, చాలా మాటలు కూడా మెక్సికో నుంచి వచ్చినవే. స్పానిష్ మాట్లాడే గుర్రపు కాపరులను ‘వకేరో’ అనేవారు. లాసో, రాంచ్, రోడియో అనే మాటలు వాళ్ళవి. ఎండకు ఓర్చే వెడల్పాటి అంచు టోపీ, ముళ్ళపొదల్లో కాళ్ళు గీరుకోకుండా తోలుతొడుగు కూడా వాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేటప్పటికి టెక్సాస్‌లో పొడవు కొమ్ముల పశువులు లెక్కకు మిక్కిలిగా పెరిగి, కొనే దిక్కు లేక తిరుగుతున్నాయి. అక్కడ నాలుగు డాలర్లు పలికే పశువు ఉత్తరాది నగరాల్లో నలభై దాకా పలికేది. మధ్యలో ఉన్నదల్లా దూరం. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వర్తకుడు కాన్సాస్‌లోని అబిలీన్ రైల్వే స్టేషన్ దగ్గర పశువుల దొడ్లు కట్టించాడు. టెక్సాస్ నుంచి అక్కడికి మందలను తోలిన దారికి చిజమ్ ట్రెయిల్ అని పేరు.

ఒక మందలో రెండు మూడు వేల పశువులు, వెంట పది పన్నెండు మంది కాపరులు, వంటబండి, మార్చి మార్చి ఎక్కడానికి గుర్రాల గుంపు. రోజుకు పది పదిహేను మైళ్ళ నడక. ముందు నడిచేవాడు అనుభవజ్ఞుడు. వెనక నడిచే కుర్రాడి వంతు వేల గిట్టలు లేపిన దుమ్ము. మెడకు కట్టుకున్న రుమాలు ముక్కుకు అడ్డంగా లాక్కోవడానికే, అలంకారానికి కాదు. రాత్రిళ్ళు వంతులవారీగా కావలి కాస్తూ, మంద బెదరకుండా మెల్లగా పాటలు పాడేవారు. ఉరుము ఉరిమితే మంద ఒక్కసారిగా లేచి పరుగెత్తేది. తుపాకి కన్నా ఆ తొక్కిసలాట, పొంగిన ఏరు, గుర్రం మీది నుంచి పడటమే ఎక్కువ మందిని చంపాయి. జీతం నెలకు ముప్పై నలభై డాలర్లు. కాపరుల్లో మెక్సికన్లు, దాస్యం నుంచి విడుదలైన నల్లవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తర్వాత వచ్చిన బొమ్మల పుస్తకాల్లో వాళ్ళ ముఖాలు దాదాపు లేవు.

ఈ వృత్తి వైభవం ఇరవై ఏళ్ళకు మించలేదు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళకంచెకు పేటెంటు పొందాడు; బహిరంగ బయళ్ళు కంచెల మధ్యకు వచ్చాయి. రైలు మార్గాలు టెక్సాస్ దాకా పాకాయి. 1886-87 చలికాలంలో మంచు కింద మేత దొరక్క ఉత్తరాది బయళ్ళలో పశువులు గుట్టలుగా చచ్చాయి. దూరపు తోలకం అక్కడితో ముగిసింది.

పది సెంట్ల వీరుడు

పని ముగియకముందే కథ మొదలైంది. అంతర్యుద్ధానికి ముందే, 1860లో, బీడిల్ కంపెనీ పది సెంట్ల నవలలు అచ్చువేయడం ఆరంభించింది. సరిహద్దు ప్రాంతాల వేటగాళ్ళు, సైనికులు, దొంగలు వాటి నాయకులు. 1883లో బఫెలో బిల్‌గా పేరుపడ్డ విలియం కోడీ గుర్రాలు, తుపాకులు, బండి దోపిడీలతో ప్రదర్శన కట్టి ఊరూరా తిప్పాడు. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి లండన్ కూడా తీసుకువెళ్ళాడు. 1902లో ఓవెన్ విస్టర్ రాసిన ‘ది వర్జీనియన్’ నవల కౌబాయ్‌ని మాట తక్కువ, మర్యాద ఎక్కువ ఉన్న పెద్దమనిషిని చేసింది. మరుసటి ఏడాదే ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ అనే చిన్న చిత్రం అతని లోకాన్ని తెర మీదికి తెచ్చింది.

బొమ్మల కథల్లోకి అతను వార్తాపత్రికల స్ట్రిప్‌ల ద్వారా వచ్చాడు. 1933లో డెట్రాయిట్ రేడియోలో పుట్టిన ‘లోన్ రేంజర్’ 1938లో బొమ్మల కథ అయ్యాడు. ముఖానికి ముసుగు, సిల్వర్ అనే తెల్ల గుర్రం, టాంటో అనే ఆదివాసీ నేస్తం అతని గుర్తులు. అదే ఏడాది నవంబరులో ఫ్రెడ్ హర్మన్ గీసిన ‘రెడ్ రైడర్’ మొదలైంది. హర్మన్ కొలరాడోలో పశువుల మధ్య పెరిగినవాడు కాబట్టి అతని బొమ్మల్లో గుర్రపు జీను, కళ్ళెం, తాడు ముడి సరిగ్గా ఉంటాయి. 1951లో అర్జెంటీనా చిత్రకారుడు హోసె లూయిస్ సలీనాస్ ‘సిస్కో కిడ్’ గీయడం ప్రారంభించాడు. ఓ. హెన్రీ 1907 నాటి కథలో సిస్కో కిడ్ కరుణ లేని హంతకుడు; బొమ్మల్లోకి వచ్చేసరికి నవ్వుమొహం దొరబాబు అయ్యాడు, పక్కన పాంచో అనే బొద్దు నేస్తం చేరాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో పది సెంట్ల కామిక్ పుస్తకాల నిండా కౌబాయ్‌లే. హొపలాంగ్ కాసిడీ, టామ్ మిక్స్ లాంటి తెర వీరుల పేరిట పుస్తకాలు వచ్చాయి. 1948లో ‘కిడ్ కోల్ట్’, ‘టూ గన్ కిడ్’ బయల్దేరాయి. వీటి అల్లిక దాదాపు ఒకటే: ఊళ్ళోకి కొత్తవాడు వస్తాడు, దౌర్జన్యం చూస్తాడు, తుపాకి తీస్తాడు, ఊరు వదిలి పోతాడు. రౌడీల పీచమణిచాక పశువులకు నీళ్ళు పెట్టే తీరిక అతనికి ఎప్పుడూ ఉండదు. పశువులు బొమ్మ అంచున దుమ్ములా మిగిలాయి.

నవ్వించే కౌబాయ్

ఆవులు పూర్తిగా పోని చోటు ఒకటుంది: హాస్యం. 1922లో జె. ఆర్. విలియమ్స్ ‘ఔట్ అవర్ వే’ అనే ఒంటి బొమ్మ వ్యంగ్యచిత్రాలు మొదలుపెట్టాడు. కుర్రతనంలో పశుశాలల్లో కూలి చేసి, తర్వాత ఆశ్విక దళంలో ఉన్నవాడతను. అతని కౌబాయ్ తుపాకి యుద్ధాలు చెయ్యడు. బురదలో జారిపడతాడు, వంటవాణ్ణి తిడతాడు, మొండి దూడతో కుస్తీ పడతాడు. పని తెలిసినవాడికి ఆ పనిలోని నవ్వు తెలుస్తుంది.

పని తెలియనివాళ్ళు నవ్వును మరో దారిలో పట్టారు. 1937 డిసెంబరులో స్కాట్లండ్‌లోని డండీ నగరం నుంచి వచ్చిన ‘ది డాండీ’ పిల్లల పత్రిక తొలి సంచికలోనే డెస్పరేట్ డాన్ కనిపించాడు. చిత్రకారుడు డడ్లీ వాట్కిన్స్. డాన్ ఊరు పేరుకు కౌబాయ్‌ల ఊరు. వీధి దీపాలు, తపాలా పెట్టెలు మాత్రం బ్రిటిష్‌వి. గడ్డం గీసుకోవడానికి మంటలు కక్కే బ్లోలాంపు వాడతాడు. తినేది ఆవు మాంసపు పెద్ద పిండివంట; దాని పైపెంకులోంచి రెండు కొమ్ములు బయటికి పొడుచుకుని ఉంటాయి. కౌబాయ్ కథలో ఆవు చివరికి భోజనం పళ్ళెంలో తేలింది.

ఈ వరసలో పెద్దపేరు లక్కీ ల్యూక్‌ది. బెల్జియం చిత్రకారుడు మోరిస్ 1946లో ‘స్పిరూ’ పత్రిక ప్రత్యేక సంచికకు అతణ్ణి సృష్టించాడు. 1955 నుంచి 1977లో చనిపోయేదాకా రచన రెనే గోసినీది. ల్యూక్ తన నీడకన్నా వేగంగా తుపాకి పేలుస్తాడు. అతని గుర్రం జాలీ జంపర్ చదరంగం ఆడుతుంది. 1892లో కాన్సాస్‌లో బ్యాంకు దోపిడీ చేయబోయిన నిజమైన డాల్టన్ సోదరులను మోరిస్ వాళ్ళు కనిపించిన తొలి కథలోనే చంపేశాడు. ఆ తర్వాత కథలకు దొంగలు కావలసి, మోరిస్, గోసినీ వాళ్ళకు నలుగురు తెలివితక్కువ పినతండ్రి కొడుకులను పుట్టించారు. పొట్టివాడు జో అందరికన్నా కోపిష్టి, పొడుగువాడు ఆవెరెల్ అందరికన్నా ఆకలిగొట్టు. 1983లో ల్యూక్ నోట్లోని సిగరెట్టు తీసి మోరిస్ గడ్డిపోచ పెట్టాడు. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అతణ్ణి సత్కరించింది.

చరిత్రను గోసినీ ఆటపట్టించాడే తప్ప విస్మరించలేదు. 1967 నాటి ఒక ఆల్బం కథంతా ముళ్ళకంచె గురించే: కంచె వేసుకునే చిన్న రైతు ఒక వైపు, తన మంద ఎక్కడైనా మేయాలనే పశువుల ఆసామి మరో వైపు. తుపాకి వీరుల కథలు మరిచిన మేత తగాదాను హాస్య కథ గుర్తుంచుకుంది.

ఐరోపాలో గంభీరమైన దారీ ఉంది. 1948 సెప్టెంబరులో ఇటలీలో జాన్ లుయిజి బొనెల్లి, అవురేలియో గలెప్పీని కలిసి ‘టెక్స్’ ప్రారంభించారు. అది ఇప్పటికీ నడుస్తున్నది. 1963లో ఫ్రాన్స్‌లో షార్లియే రచన, జిరో బొమ్మలతో ‘బ్లూబెరీ’ వచ్చింది. పడమటి అమెరికా అంటే చదివి, సినిమాలు చూసి ఊహించుకున్న లోకం అన్నది వీళ్ళలో చాలామందికి వర్తిస్తుంది. ఆ లోకంలోకి ఎవరైనా అడుగుపెట్టవచ్చు. తెలుగువాళ్ళు అడుగుపెట్టింది ఈ ద్వారం గుండానే.

తెలుగు నేల మీది మందలు

పశువుల మేత కోసం యుద్ధం తెలుగువారికి కొత్త సంగతి కాదు. పదమూడో శతాబ్దపు కాటమరాజు కథ సరిగ్గా అదే. కరవుకు తాళలేక యాదవ నాయకుడు కాటమరాజు తన మందలను దక్షిణానికి తోలుకొచ్చి, నెల్లూరు రాజు మనుమసిద్ధి అడవుల్లో మేపుకోవడానికి ఒప్పందం చేసుకుంటాడు. పుల్లరి కింద పుట్టిన కోడెదూడలను ఇవ్వాలి. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక ఒకటి గొల్లల చేతిలో చస్తుంది. ఆమె మనుషులు ఆవులను చంపుతారు. కాటమరాజు పుల్లరి ఆపేస్తాడు. చిలుకతో మొదలైన గొడవ పాలేటి ఒడ్డున యుద్ధంగా ముగుస్తుంది. రాజు పక్షాన సేనాని ఖడ్గతిక్కన అందులో నేలకొరిగాడు. అతను మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజికి దాయాది. ఆ కథను గొల్లల ఇళ్ళలో కొమ్ములవారు వీరగాథగా పాడుతూ వచ్చారు. అమెరికా ముళ్ళకంచె తగాదాకు ఆరువందల ఏళ్ళ ముందటి మేత తగాదా ఇది.

తెలుగు పశువులు కౌబాయ్‌ల నేలకు కూడా చేరాయి. 1854లో లూసియానా తోటల యజమాని రిచర్డ్ బారోకు బ్రిటిష్ ప్రభుత్వం రెండు భారతీయ ఎద్దులను బహూకరించింది. అప్పటి నుంచి 1926 దాకా అమెరికాకు మూడు వందల లోపు మూపురపు పశువులు మాత్రమే దిగుమతి అయ్యాయి. వాటిలో గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో పాటు ఒంగోలు జాతి కూడా ఉంది. ఎండకు, పురుగుకు, జబ్బుకు ఓర్చే ఈ జాతులను స్థానిక పశువులతో కలిపి పెంచినవే అమెరికాలో బ్రాహ్మణ్ జాతి పశువులు. 1924లో వాటికి ప్రత్యేక సంఘం కూడా ఏర్పడింది. బ్రెజిల్‌లో అయితే ఒంగోలు పశువులకు వాటి ఓడరేవు ప్రాంతం పేరే స్థిరపడింది: నెలోరె, అంటే నెల్లూరు. 1868లో బయా తీరంలో ఆగిన ఓడలోని ఒక జతతో మొదలై, నేడు ఆ దేశపు మాంసం పశువుల్లో వాటిదే పెద్ద వాటా. కౌబాయ్ తెలుగు తెరకెక్కడానికి చాలా ముందే, అతని తాడు నెల్లూరు ఎద్దు కొమ్ములకు పడింది.

మద్రాసులో కలిసిన దారులు

అయినా తెలుగు కౌబాయ్ కాటమరాజు వారసుడిగా రాలేదు. అతని పూర్వరంగం మరొకటి. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’లో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు వచ్చాయి. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి పేర్లు చాలు, వాటి వరస తెలియడానికి: దారి తెలియని లోయలు, పాడుపడ్డ కోటలు, వెంటాడే దొంగలు, చివరి దాకా జారిపోయే రహస్యం. వాటికి చిత్రా గీసిన బొమ్మల్లో గుర్రపు రౌతులు, కొండ చరియలు, మొనదేలిన రాళ్ళు నెలనెలా పిల్లల కళ్ళ ముందు నిలిచాయి. తెర మీద కాంతారావు కత్తియుద్ధాలు, విఠలాచార్య జానపదాలు ఇదే రుచిని పెంచాయి. నిధి కోసం ప్రాణాలకు తెగించి పోవడం, మోసగాడిని అంతకు మించిన మోసంతో కొట్టడం తెలుగు ప్రేక్షకుడికి అప్పటికే అలవాటు.

అప్పుడు తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసులో ఉండేది. మౌంట్ రోడ్డు థియేటర్లలో ఆడే ఇంగ్లీషు చిత్రాలను తెలుగు సాంకేతికులు వదలకుండా చూసేవారు. 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీశాడు. కథ జపాన్ దర్శకుడు కురొసావా ‘యొజింబో’ నుంచి, ఎడారి స్పెయిన్‌లోని అల్మేరియా నుంచి. 1966లో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ వచ్చింది. అందులో ఇద్దరు జతగాళ్ళ వ్యాపారం చూడదగ్గది: ఒకడు దొంగను పట్టించి తలవెల వసూలు చేస్తాడు, ఉరి తీసే క్షణాన దూరం నుంచి తాడును కాల్చి తెంపుతాడు, ఇద్దరూ పారిపోయి సొమ్ము పంచుకుంటారు, మళ్ళీ పక్క ఊరు. 1969లో గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన ‘మెకన్నాస్ గోల్డ్’ భారతదేశంలో విరగబడి ఆడింది. అందులో అందరూ పరుగెత్తేది బంగారు లోయ కోసం. చందమామ చదివి పెరిగినవాడికి ఆ లోయ పరాయిది కాదు.

మోసగాళ్ళకు మోసగాడు

గుంటూరు జిల్లా బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1966లో ‘గూఢచారి 116’తో యాక్షన్ హీరోగా పేరు తెచ్చుకున్నారు. 1969లో నెల్లూరు జిల్లాకు చెందిన దర్శకుడు కె. ఎస్. ఆర్. దాస్‌తో ‘టక్కరి దొంగ చక్కని చుక్క’ చేశారు. 1970లో సొంతంగా పద్మాలయా సంస్థను నెలకొల్పారు. తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. రెండో చిత్రానికి ఎవరూ చేయనిది చేయాలని కౌబాయ్ కథ ఎంచుకుని దాస్‌కు అప్పగించారు. అదే 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’. భారతదేశపు తొలి కౌబాయ్ చిత్రంగా దానికి పేరు.

రచన ఆరుద్రది. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు రాసిన పండితుడు, ‘త్వమేవాహం’ కవి, అపరాధ పరిశోధన కథలంటే మక్కువ ఉన్నవాడు. కాటమరాజు కథను నాటకంగా రాసింది కూడా ఆయనే. మేత కోసం జరిగిన తెలుగు యుద్ధం ఆయనకు కొట్టిన పిండి. కౌబాయ్ సినిమా రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆవుల మందను పక్కన పెట్టి నిధిని తీసుకున్నారు. తెలుగు ప్రేక్షకుడికి మేత తగాదా బాగా తెలిసిన ఊరిగొడవ. నిధివేట మాత్రం అద్భుతం.

ఆరుద్రకు ఎదురైన అసలు చిక్కు వేరు. స్వతంత్ర భారతంలో లైసెన్సు లేకుండా తుపాకి పట్టినవాడు కథానాయకుడు కాడు, ముద్దాయి.  కాబట్టి కథ బ్రిటిష్ వాళ్ళ కాలానికి, అమరవీడు అనే సంస్థానానికి వెళ్ళింది. ఆ కాలంలో తలకు వెల కట్టడం కల్పన కాదు: 1846లో కుంఫిణీ మీద తిరగబడిన రాయలసీమ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద ప్రభుత్వం బహుమానం ప్రకటించింది, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీసింది. సంస్థానం, దాచిన సొత్తు, తెల్లవాళ్ళ కన్ను, తలవెల అన్నీ ఈ నేల మీద ఉన్నవే. టోపీ, జీను మాత్రమే అరువు.

చిత్రీకరణ రాజస్థాన్‌లో థార్ ఎడారి, బికనీర్ పరిసరాల్లో, ఉత్తరాన సిమ్లా, సట్లెజ్ తీరాల్లో జరిగింది. స్టూడియో సెట్లలో గోడలు కట్టి సినిమాలు తీసే రోజుల్లో ఇది పెద్ద సాహసం. వి. ఎస్. ఆర్. స్వామి ఛాయాగ్రహణం, ఆదినారాయణరావు సంగీతం, కోటగిరి గోపాలరావు కూర్పు. నాయిక విజయనిర్మల. సత్యనారాయణ, జ్యోతిలక్ష్మి ముఖ్య పాత్రల్లో ఉన్నారు.

హాస్యం, మోసం కలిసిన పాత్ర నాగభూషణానిది. పేరే నక్కజిత్తుల నాగన్న. ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా పేరుపడ్డ ఆ నటుడి గొంతులో వంకర విరుపు ఒకటుంది. మాట మంచిదే అయినా వినేవాడికి అనుమానం పుడుతుంది. నాగన్న పూర్తి విలన్ కాడు, నమ్మదగ్గ నేస్తమూ కాడు. ఇటలీ చిత్రాల్లో వాగుడుకాయ దొంగకు ఇచ్చిన చోటు అది. తెలుగులో ఆ చోటుకు ముందునుంచే మనిషి ఉన్నాడు: కథల్లో నక్క, జానపదాల్లో రాజుగారి బావమరిది, వీధి భాగవతంలో హాస్యగాడు. పేరులోనే అతని గుణం చెప్పేయడం కూడా ఆ సంప్రదాయమే. సినిమా పేరు చూసినా అంతే. అమెరికా పుస్తకాలకు కౌబాయ్ పేరో, అతని తుపాకి పేరో ఉంటుంది. తెలుగులో పెట్టిన పేరు అతని తెలివిని చాటుతుంది: మోసం చేసేవాళ్ళనే మోసం చేసేవాడు.

చిత్రం ఘనవిజయం సాధించింది. తమిళంలోకి, హిందీలోకి అనువాదమైంది. ఇంగ్లీషులో ‘ది ట్రెజర్ హంట్’ పేరుతో విదేశాలకూ వెళ్ళింది. అక్కడా పేరులో నిలిచింది నిధివేటే.

తర్వాతి గుర్రాలు

దాస్ అప్పటికే ఆడవాళ్ళ చేతికి తుపాకి ఇచ్చారు. విజయలలిత నాయికగా 1970లో ‘రౌడీ రాణి’, 1971లో ‘రివాల్వర్ రాణి’ తీశారు.  1972లో దాస్ ‘రానీ మేరా నామ్’ తీసి ఆమెను హిందీ తెరకూ తీసుకువెళ్ళారు. తమిళంలో ఛాయాగ్రాహకుడు కర్ణన్ దర్శకుడై జైశంకర్‌తో 1972లో ‘గంగా’, ‘జక్కమ్మ’ లాంటి చిత్రాలు తీశారు. 1975 ఆగస్టు 15న వచ్చిన ‘షోలే’ హిందీలో ఈ తరహాకు శిఖరం. కర్ణాటకలోని రామనగర బండరాళ్ళ మధ్య తీసిన ఆ చిత్రానికి నాలుగేళ్ళ ముందే తెలుగు కౌబాయ్ ఎడారి దాటాడు.

ఆ తర్వాత తెలుగులో ఈ తరహా చిత్రాలు అరుదుగా వచ్చాయి. గుర్రాలు, దుస్తులు, దూరపు చిత్రీకరణ ఖర్చు ఎక్కువ. అదే పగ, అదే పోరాటం ఊరి కథలో చవగ్గా కుదిరేది. 1990లో కె. మురళీమోహనరావు దర్శకత్వంలో చిరంజీవి ‘కొదమ సింహం’ చేశారు. కథ మళ్ళీ నిధివేటే. మోహన్‌బాబు పోషించిన సుడిగాలి పాత్ర నవ్వించడానికి వచ్చి, నమ్మాలో వద్దో తెలియని జతగాడిగా నాగన్న వారసుడైంది. 2002 జనవరి 12న జయంత్ సి. పరాన్జీ దర్శకత్వంలో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ విడుదలైంది. తండ్రి కృష్ణ 1969లో దాస్ చిత్రంలో మోసిన బిరుదు కొడుకు చిత్రానికి పేరైంది. ఆయన కూడా అందులో కాసేపు కనిపించారు. మోసగాడు, టక్కరి దొంగ: ముప్పై ఏళ్ళ తర్వాత కూడా తెలుగు కౌబాయ్‌కి బిరుదు టక్కరితనం నుంచే వచ్చింది.

అచ్చులోని కౌబాయ్

బొమ్మల పుస్తకాలుగా కౌబాయ్ కథలు దక్షిణాదిలో పాతుకున్నది శివకాశిలో. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ప్రాంతం అది. 1972లో అక్కడ మొదలైన ముత్తు కామిక్స్, 1984లో మొదలైన లయన్ కామిక్స్ సిస్కో కిడ్, టెక్స్ విల్లర్, లక్కీ ల్యూక్ కథలను తమిళంలో తెచ్చాయి. బ్లూబెరీ అక్కడ కెప్టెన్ టైగర్ అయ్యాడు. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 నుంచి 1990 దాకా పలు భారతీయ భాషల్లో వేసిన ఇంద్రజాల్ కామిక్స్‌లో ప్రధాన వీరుడు ఫాంటమ్. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఆ ముసుగు మనిషి కౌబాయ్ కాడు. అయినా నడుముకు రెండు పిస్తోళ్ళు, తెల్ల గుర్రం, తోడేలు ఉన్న అతను ఆఫ్రికా అడవికి మారిన లోన్ రేంజర్‌లా ఉంటాడు. 1976లో ఆబిద్ సుర్తీ అదే వరసలో బహాదుర్‌ను పుట్టించాడు. కాషాయ కుర్తా, కింద జీన్స్, శత్రువులు బందిపోట్లు. తెలుగు తెర టోపీతో చేసిన పని బొమ్మల పుస్తకం కుర్తాతో చేసింది.

తెలుగులో కౌబాయ్‌కి ప్రధాన వేదిక మాత్రం తెరే. పాత ఇంగ్లీషు వెస్టర్న్ కామిక్స్ హైదరాబాద్ పాఠకుడికి చిక్కేది కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో, ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద. కౌబాయ్ ఊరు కళ్ళారా చూడాలంటే మరో దారి ఉంది. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దాటితే 1996లో నెలకొల్పిన రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. అక్కడ సందర్శకుల కోసం వైల్డ్ వెస్ట్ స్టంట్ షో నడుస్తుంది. 1883లో బఫెలో బిల్ మొదలుపెట్టిన ప్రదర్శనకు అది హైదరాబాద్ శివారు వారసురాలు.

దాస్ 2012 జూన్‌లో, కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. కృష్ణ 80వ జయంతి నాడు, 2023 మే 31న, ‘మోసగాళ్ళకు మోసగాడు’ను 4కె రూపంలో శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. సినిమా పుట్టినప్పుడు పుట్టని ప్రేక్షకులు ఆ రోజు థియేటర్లలో ఈలలు వేసింది నిధి కోసం ఎడారి దాటే రౌతును చూసి. టెక్సాస్ కాపరి దుమ్ము నుంచి కాపాడుకోవడానికి కట్టుకున్న రుమాలు అతని మెడలో అలంకారంగా మిగిలింది.